కత్తెర మొన పైకే ఉండాలి

జువాలజీ ప్రాక్టికల్స్ చేసినవాళ్లకు కప్ప అనగానే ముందు క్లోరోఫారం వాసన గుర్తొస్తుంది. ఆ వెంటనే బల్లల మధ్య తిరుగుతూ మాస్టారు పదే పదే చెప్పే మాటలు చెవిలో పడతాయి. కత్తెర మొన పైకి పెట్టండి. నడిమధ్య గీత మీద కోయకండి. ట్రేలో నీళ్లు తగ్గితే పోయండి. కాలేయాన్ని వేలితో నొక్కకండి. నాడిని లోహపు సూదితో తాకకండి. అప్పట్లో అవి మార్కులు పోకుండా పాటించాల్సిన నియమాలనిపించేవి. నిజానికి వాటిలో ప్రతిదానికీ కప్ప ఒంట్లోనే ఒక కారణం ఉంది. కారణం తెలియకుండా జాగ్రత్త ఒక్కటే పాటించినవాళ్లకు ప్రాక్టికల్ ముగిసేది. కారణం పట్టుకున్నవాళ్లకు ఆ జంతువు ఎలా బతుకుతుందో అర్థమయ్యేది. ఇప్పుడు చాలాచోట్ల కప్పను కోయడం మానేశారు, తెర మీద బొమ్మలతో నేర్పుతున్నారు. ఒక ప్రాణం దక్కుతుంది కాబట్టి ఆ మార్పు మంచిదే. అయితే ఆ జాగ్రత్తలతోపాటు వాటి కారణాలు కూడా మరుగున పడిపోతున్నాయి. అవి పోకూడదు.

ముందు సీసా. మూత బిగుతుగా ఉండే గాజు జాడీలో క్లోరోఫారంలో తడిపిన దూది వేసి కప్పను ఉంచేవారు. దూది ఒంటికి నేరుగా తగలకూడదని మరీ మరీ చెప్పేవారు. కప్ప చర్మం తడిగా, పలచగా ఉంటుంది. ఊపిరితిత్తుల్లోకి వెళ్లే ఆవిరే కాదు, చర్మం గుండా వెళ్లేదీ పనిచేస్తుంది. ద్రవం నేరుగా తగిలితే చర్మం మండి కప్ప విపరీతంగా జిగురు వదులుతుంది, బాధతో గింజుకుంటుంది. ఆ జిగురుతో తర్వాత చేతులు జారతాయి, ట్రేలో నీళ్లు మసకబారతాయి. తొందరపడి బయటికి తీస్తే మత్తు చాలక కాళ్లు కదులుతాయి. కనురెప్ప దగ్గర తాకినా స్పందన లేదని చూసుకున్నాకే ట్రే మీదికి తెచ్చేవారు.

ట్రేలో పోసిన మైనం నల్లగా ఉండేది. మైనం కరిగించి అందులో మసి కలిపేవారు. నాడులు, ఖాళీ ధమనులు తెల్లగా ఉంటాయి. తెల్ల మైనం మీద అవి కంటికి ఆనవు. కప్పను వెల్లకిలా పడుకోబెట్టి నాలుగు కాళ్లకూ గుండుసూదులు గుచ్చేటప్పుడు సూదిని నిటారుగా కాకుండా బయటి వైపుకు ఏటవాలుగా వంచాలి. నిటారు సూదులు చేతికీ కత్తెరకూ అడ్డం పడతాయి, కాలు లాగినప్పుడు ఊడిపోతాయి కూడా. శరీరం మునిగేదాకా నీళ్లు పోయాలి. నీళ్లలో పేగు, కొవ్వు దేహాలు, పేగును పట్టి ఉంచే పలుచని పొర అయిన ఆంత్రయోజని తేలి విడివిడిగా కనిపిస్తాయి. గాలికి వదిలేస్తే ఒకదానికొకటి అంటుకుపోయి, ఎండి, ఏది ఏదో తెలియని ముద్ద అవుతుంది. నీళ్లు ఎర్రబడగానే పారబోసి కొత్తవి పోయాలి. ఎర్రటి నీళ్లలో వెతుక్కుంటూ కోసినవాళ్లే ఎక్కువ రక్తనాళాలు తెంపేవారు.

మొదటి కోత చర్మానికి. వెనక కాళ్ల మధ్య చర్మాన్ని ఫోర్సెప్స్‌తో పట్టి పైకెత్తి, చిన్న గాటు పెట్టి, అక్కడి నుంచి కింది దవడ దాకా కత్తెర నడిపించాలి. తర్వాత నాలుగు కాళ్ల వైపుకూ పక్క కోతలు. మొదటిసారి చేసేవాళ్లంతా ఇక్కడ ఆశ్చర్యపోయేవారు. చర్మం కండరానికి అతుక్కుని ఉండదు, చొక్కా విప్పినంత తేలిగ్గా వచ్చేస్తుంది. చర్మం కింద శోషరస (లింఫ్) కోశాలు ఉండటమే అందుకు కారణం. వెడల్పాటి ఖాళీలు, వాటి నిండా శోషరసం, వాటి మధ్య పలుచని పొరల అడ్డుగోడలు. ఆ అడ్డుగోడల దగ్గర మాత్రమే చర్మం కండరానికి అంటి ఉంటుంది. అక్కడ లాగకుండా కత్తెర మొనతో తెంచాలి. ఈ కోశాల్లోని ద్రవాన్ని తిరిగి సిరల్లోకి తోయడానికి కప్పకు శోషరస హృదయాలు వేరే ఉంటాయి. రానా అనే కప్పల ప్రజాతిలో ఇవి రెండు జతలు: ఒక జత భుజాల దగ్గర, ఇంకో జత వెన్నెముక చివరి పొడవాటి ఎముక అయిన పుచ్ఛదండం చివర. గుండె లయతో సంబంధం లేకుండా తమ లయలో కొట్టుకుంటాయి.

చర్మం ఒలిచేటప్పుడు భుజం దగ్గర నెమ్మదిగా వెళ్లమనేవారు. అక్కడ చర్మం నుంచి లోపలికి లావాటి సిర ఒకటి వెళుతుంది, తెగితే ట్రే అంతా ఎరుపు. చర్మానికి అంత పెద్ద సిర దేనికి? కప్ప చర్మం శ్వాసాంగం. గుండె నుంచి ఊపిరితిత్తులకు వెళ్లే ధమనే ఒక కొమ్మను చర్మానికి పంపుతుంది. అక్కడ ఆక్సిజన్ పట్టుకున్న రక్తం ఈ సిర గుండా వెనక్కి వస్తుంది. డెన్మార్క్ శరీరధర్మ శాస్త్రవేత్త ఆగస్ట్ క్రోగ్ 1904లో కప్పల మీద కొలిచి చూపించిన సంగతి ఇక్కడ చెప్పుకోవాలి. చర్మం గుండా వచ్చే ఆక్సిజన్ ఏడాది పొడవునా పెద్దగా మారదు. అవసరం పెరిగినప్పుడు ఆ అదనపు భారం మోసేవి ఊపిరితిత్తులు. కార్బన్ డయాక్సైడ్ మాత్రం చాలా మటుకు చర్మం గుండానే పోతుంది. చలికి నీటి అడుగున ఒదిగిన కప్ప ఊపిరితిత్తుల్ని వాడకుండానే రోజులు గడపగలదు. అదే చర్మం ఎండిపోతే దాని గుండా వాయువులు వెళ్లలేవు. కప్ప ఒళ్లు ఎప్పుడూ జిగురుగా ఉండటానికి కారణం ఇదే.

చర్మం తీశాక పొట్ట మీది కండరం కనిపిస్తుంది, నడిమధ్యలో తెల్లగీతతో. ఎవరికైనా ఆ గీత వెంటే కోయాలనిపిస్తుంది. అక్కడే కోయకూడదు. ఆ గీతకు సరిగ్గా లోపలి వైపు పూర్వోదర సిర అంటుకుని ఉంటుంది, ముదురు రంగులో, కండరం గుండా లీలగా కనిపిస్తుంది. గీతకు కాస్త పక్కగా మొదలుపెట్టి, కత్తెర కింది కొనను లోపలి అవయవాల నుంచి దూరంగా పైకెత్తి పట్టుకుని, సిరకు సమాంతరంగా కోయాలి. రెండో వైపూ అలాగే చేస్తే నడుమ సన్నటి కండరపు పట్టీ మీద సిర చెక్కు చెదరకుండా మిగులుతుంది. తీసేయాల్సి వస్తే రెండు చోట్ల దారం కట్టి, ఆ రెండు ముడుల మధ్య కత్తిరించాలి. ముడి ఒక్కటే వేస్తే రెండో కొస నుంచి రక్తం కారుతుంది.

ఈ సిర ప్రయాణం తెలిస్తే అంత శ్రద్ధ ఎందుకో తెలుస్తుంది. వెనక కాళ్ల నుంచి వచ్చే రక్తానికి కప్పలో రెండు దారులు. ఒకటి వృక్క నిర్వాహక సిర గుండా మూత్రపిండానికి. రెండోది, రెండు వైపుల శ్రోణి సిరలు కలిసి పూర్వోదర సిరగా మారి, పొట్ట గోడ వెంట పైకి వెళ్లి కాలేయానికి. రెండు దారుల్లోనూ రక్తం గుండెకు చేరేలోపు ఒక అవయవంలో మళ్లీ కేశనాళికలుగా, అంటే వెంట్రుకల్లాంటి సన్నటి నాళాలుగా విడిపోతుంది. ఈ అమరికకు పేరైన నిర్వాహక వ్యవస్థ అన్న మాటను పుస్తకంలో బట్టీపట్టడం కష్టంగా ఉండేది. సిర చెక్కుచెదరని కప్పను ఎదురుగా పెట్టుకుంటే కష్టం ఉండేది కాదు.

తర్వాత ఉరోమేఖల, అంటే భుజాల దగ్గర ఛాతీని చుట్టిన ఎముకల కట్టు. గుండె దీని కిందే ఉంటుంది, ఎముకకూ గుండెకూ మధ్య పెద్ద ఎడం ఉండదు. మేఖల చివరను ఫోర్సెప్స్‌తో పైకెత్తి, కత్తెర మొనను ఎముకకు ఆనించి పైకి ఉంచి, రెండు పక్కలా కత్తిరించి, మధ్య ముక్కను కింది కండరాల నుంచి విడదీసి తీసేయాలి. మొన కిందికి దిగితే గుండెకు చేరే పూర్వ మహాసిరలో, గుండె పై గది అయిన కర్ణికలో గుచ్చుకుంటుంది. ఆ తర్వాత ఆ కప్పలో చూడటానికి ఏమీ మిగలదు. ప్రయోగశాలలో అన్నిటికన్నా ఎక్కువ నమూనాలు చెడిపోయేది ఈ ఒక్క కోత దగ్గరే.

ఎముక తీయగానే కనిపించే దృశ్యం కోసం బల్ల చుట్టూ అందరూ గుమిగూడేవారు. హృదయావరణం అనే పొర లోపల గుండె కొట్టుకుంటూ ఉంటుంది. పలుచని ఆ పొరను సన్నటి ఫోర్సెప్స్‌తో చిటికెడు ఎత్తి గాటు పెడితే గుండె పూర్తిగా బయటపడుతుంది. పైన ముదురు ఎరుపు కర్ణికలు రెండు, కింద శంకువు ఆకారంలో జఠరిక అనే కింది గది ఒకటి, జఠరిక కుడి పైభాగం నుంచి ఏటవాలుగా ఎడమకు సాగే ధమనీ శంకువు, రక్తం ధమనుల్లోకి వెళ్లే గొట్టం. జఠరిక ముడుచుకున్నప్పుడు పాలిపోతుంది, వదులైనప్పుడు ఎర్రబడుతుంది. దాని గోడ లోపల స్పంజిక మాదిరి గదులుగా ఉండి, ముడుచుకున్నప్పుడు రక్తమంతా పిండుకుపోవడం వల్లే ఈ రంగుల మార్పు. ఆ గోడకు మన గుండెకున్నట్టు ప్రత్యేక రక్తనాళాలు లేవు. లోపల నిండే రక్తంతోనే దాని పోషణ జరిగిపోతుంది. బయటికి తీసి ద్రావణంలో పెట్టినా కప్ప గుండె గంటల తరబడి కొట్టుకోవడానికి ఇదొక కారణం.

లయ ఎక్కడ పుడుతుందో చూడాలంటే గుండెను తిరగేయాలి. ఇక్కడా ఒక జాగ్రత్త ఉంది. జఠరిక వెనక వైపు నుంచి హృదయావరణానికి ఒక సన్నటి తీగ ఉంటుంది. దానికి దారం కట్టి, దారానికి కింద తెంచి, దారంతో గుండెను మెల్లగా పైకి తిప్పాలి. ఆ తీగను చూడకుండా జఠరికను ఫోర్సెప్స్‌తో పట్టి లాగినవాళ్లు గోడ చింపేసేవారు. తిప్పాక వెనక సిరల రక్తం వచ్చి చేరే త్రిభుజాకారపు పలుచని సంచి, సిరాసరణి, కనిపిస్తుంది. దానికీ కర్ణికలకూ నడుమ తెల్లటి నెలవంక గీత. సంకోచం ముందు సిరాసరణిలో మొదలై, కర్ణికలకు, జఠరికకు, చివరికి ధమనీ శంకువుకు సాగుతుంది. కాస్త ఓపిగ్గా చూస్తే ఈ నాలుగూ వరుసగా కంటికి అందుతాయి.

జర్మన్ శాస్త్రవేత్త స్టానియస్ 1852లో ఆ నెలవంక గీత మీద దారం బిగించాడు. సిరాసరణి తన వేగంతో కొట్టుకుంటూనే ఉంది, కర్ణికలూ జఠరికా ఆగిపోయాయి. కాసేపటికి అవి తిరిగి మొదలైనా నెమ్మదిగానే కొట్టుకుంటాయి. కర్ణికలకూ జఠరికకూ మధ్య రెండో దారం కడితే, జఠరిక తన సొంత లయలో ఇంకా మెల్లగా నడుస్తుంది. ఒక్కో భాగానికీ సొంత లయ ఉంది, అందరికన్నా వేగంగా కొట్టుకునేదే మిగతావాటిని నడిపిస్తుంది అన్న సూత్రం రెండు దారపు ముడులతో రుజువైపోయింది. దారం సరిగ్గా గీత మీద పడకపోతే మాత్రం ఏమీ జరగదు. ముడి సిరాసరణి వైపు జారితే దానిలో కొంత భాగం కర్ణికల వైపే మిగిలి, లయ అలాగే సాగుతుంది.

కొట్టుకునే గుండె మీద నేరుగా కుళాయి నీళ్లు పోస్తే త్వరగా నీరసిస్తుంది. ఆకారం చూడటానికి మామూలు నీళ్లు చాలు, పని చూడాలంటే రింగర్ ద్రావణం అనే లవణాల నీరు కావాలి. లీటరుకు కొలత ఇది: సోడియం క్లోరైడ్ 6.5 గ్రాములు, పొటాషియం క్లోరైడ్ 0.14 గ్రాము, కాల్షియం క్లోరైడ్ 0.12 గ్రాము, సోడియం బైకార్బొనేట్ 0.2 గ్రాము. కాల్షియం క్లోరైడ్‌ను వేరే గ్లాసులో కరిగించి, మిగతావన్నీ బాగా పలచనయ్యాక చివర్లో కలపాలి. అన్నీ ఒకేసారి చిక్కగా కలిపితే కాల్షియం, బైకార్బొనేట్‌తో కలిసి తెల్లటి మడ్డిగా అడుగుకు దిగిపోతుంది. అప్పుడు ద్రావణం చూడటానికి బాగానే ఉన్నా గుండె క్రమంగా ఆగిపోతుంది. పొటాషియం ఎక్కువైతే గుండె వదులై ఆగుతుంది, కాల్షియం ఎక్కువైతే బిగుసుకుని ఆగుతుంది. ఈ కాల్షియం సంగతి బయటపడిన తీరు కూడా ఆసక్తికరమే. ఈ ద్రావణానికి పేరిచ్చిన ఇంగ్లిష్ వైద్యుడు సిడ్నీ రింగర్ మొదట చేసిన ప్రయోగాల్లో ద్రావణాన్ని లండన్ కుళాయి నీటితో కలిపారు. అందులో సహజంగా ఉన్న కాల్షియమే గుండెను నడిపింది. డిస్టిల్డ్ వాటర్‌తో కలిపినప్పుడు గుండె ఆగిపోయింది. 1883లో ఆయన ఈ సంగతిని సరిదిద్ది ప్రకటించారు.

మెదడు నుంచి గుండెకు వచ్చే వేగస్ నాడిని ప్రేరేపిస్తే గుండె నెమ్మదిస్తుందని వెబర్ సోదరులు 1845లోనే చూపించారు. నాడి కొసకూ గుండె కండరానికీ నడుమ కబురు చేరవేసేది విద్యుత్తా, రసాయనమా అన్నది 1921 దాకా తేలలేదు. శాస్త్రవేత్త ఒట్టో లోవి రెండు కప్ప గుండెలు తీసుకున్నారు. మొదటి గుండె వేగస్‌ను ప్రేరేపించి, ఆ గుండెలోని ద్రావణాన్ని రెండో గుండెకు అందించారు. ఏ నాడీ ముట్టని రెండో గుండె కూడా నెమ్మదించింది. 1936లో ఆయనకు హెన్రీ డేల్‌తో కలిసి నోబెల్ బహుమతి వచ్చింది. ఆధునిక నాడీశాస్త్రం ఇంత చిన్న గుండెకు ఎంత రుణపడి ఉందో తలచుకుంటే, ఆ ట్రే ముందు నిలబడిన నిమిషాల విలువ తెలుస్తుంది.

ఒకే జఠరిక కదా, మంచి రక్తం చెడు రక్తం కలిసిపోవా అన్న ప్రశ్న వైవాలో, అంటే మౌఖిక పరీక్షలో తప్పకుండా వచ్చేది. ఊపిరితిత్తులకు, చర్మానికి వెళ్లే పుపుస, చర్మ చాపానికి ఆక్సిజన్ తక్కువ ఉన్న రక్తం, ఒంటికి వెళ్లే దైహిక చాపానికి మిశ్రమ రక్తం, తలకు వెళ్లే కారోటిడ్‌కు ఆక్సిజన్ ఎక్కువ ఉన్న రక్తం వెళతాయని, ధమనీ శంకువులోని మెలి తిరిగిన సర్పిల కవాటం వీటిని వేరుచేస్తుందని జవాబు చెబితే మార్కులు పడేవి. ఆ చిత్రం మరీ శుభ్రంగా గీసింది. స్పంజిక గోడ, సర్పిల కవాటం కలిసి కొంత వేరు చేస్తాయన్నది నిజం. కానీ చర్మం నుంచి వచ్చే ఆక్సిజన్ రక్తం చేరేది కుడి కర్ణికకే. అంటే కుడి కర్ణికలో ఉన్నదంతా చెడు రక్తం కాదు. నీళ్లలో మునిగి చర్మంతోనే శ్వాసించే వేళ ఎడమ కర్ణికకు ఊపిరితిత్తుల నుంచి ఆక్సిజన్ ఎక్కువున్న రక్తమేమీ రాదు. అలాంటి జీవికి రెండు జఠరికలు గోడ కట్టి విడదీస్తే నష్టమే. ఈ గుండెను అసంపూర్ణమైనదిగా చెప్పడం అన్యాయం. అది రెండు రకాల శ్వాసకూ సరిపడేట్టు అమరింది.

గుండెకు రెండు పక్కలా ఊపిరితిత్తులు. కొన్ని కప్పల్లో ఉబ్బి గులాబీ రంగు బుడగలుగా పైకి పొంగుకొచ్చేవి, కొన్నింటిలో ముడుచుకుని నల్లటి గుడ్డపీలికల్లా కాలేయం వెనక దాక్కునేవి. ఈ తేడాకు కారణం కంఠబిలం, అంటే గొంతులో ఊపిరితిత్తుల దారికి ఉన్న ద్వారం. కప్పకు పక్కటెముకల పంజరం లేదు, ఛాతీకీ పొట్టకూ మధ్య ఉండే విభాజక పటలం (డయాఫ్రం) లేదు. మనం ఛాతీ వెడల్పు చేసి గాలిని పీల్చుకుంటాం. కప్ప గాలిని నోట్లోంచి ఊపిరితిత్తుల్లోకి నెట్టి, కంఠబిలం మూసి అక్కడ నిలిపి ఉంచుతుంది. అందుకే ఛాతీ తెరిచినా ఊపిరితిత్తులు వెంటనే ముడుచుకుపోవు. మత్తు వల్ల కంఠబిలం వదులైన కప్పలో మాత్రం గాలి ముందే బయటికి పోయి ఉంటుంది. అప్పుడు సన్నటి గొట్టాన్ని కంఠబిలంలోకి పెట్టి మెల్లగా ఊదితే రెండూ పొంగుతాయి. లోపలి గోడ మీద గళ్లుగళ్లుగా ఉన్న మడతలు అప్పుడు స్పష్టంగా కనిపిస్తాయి. గట్టిగా ఊదితే పగులుతాయి.

బతికి ఉన్న కప్ప గొంతు కింద ఎప్పుడూ అదురుతూ ఉండటం అందరూ చూసే ఉంటారు. ఆ అదురుళ్లలో ఎక్కువ భాగం కంఠబిలం మూసి ఉండగా నోట్లోని గాలిని మార్చుకోవడానికే. మధ్యమధ్య ఒక పెద్ద కదలిక వస్తుంది. నోటి అడుగు కిందికి దిగి నాసికారంధ్రాల గుండా కొత్త గాలి వస్తుంది, కంఠబిలం తెరుచుకుని ఊపిరితిత్తుల్లోని పాత గాలి బయటికి పోతుంది, నాసికారంధ్రాలు మూసుకుంటాయి, నోటి అడుగు పైకి లేచి కొత్త గాలిని లోపలికి నెడుతుంది. ఈ పని అంతా నోరు మూసి ఉంటేనే సాగుతుంది. నోరు బలవంతంగా తెరిచి ఉంచితే కప్పకు ఊపిరితిత్తుల శ్వాస ఆగిపోతుంది.

నోటి మూలల్లో కత్తిరించి దవడను పూర్తిగా వెనక్కి వంచితే ఆస్యగ్రసని, అంటే నోరూ గొంతూ కలిసిన ఖాళీ, లోపలంతా తెలుస్తుంది. పై దవడ అంచున చిన్న దంతాలు, అంగిట్లో వోమర్ అనే ఎముకల మీది వోమరైన్ దంతాల రెండు గుంపులు. రానా కప్పల కింది దవడకు దంతాలుండవు. వేలు రాస్తే పై దవడ గరుకుగా తగులుతుంది, కింది దవడ నున్నగా. ఆ దంతాలు నమలడానికి పనికిరావు, జారిపోకుండా పట్టడానికే. నాలుక ముందు వైపు అతికి, వెనక కొస చీలి విడిగా ఉంటుంది, అందుకే బయటికి విసరగలదు. అంగిట్లో రెండు ఉబ్బులు కనిపిస్తాయి, అవి కనుగుడ్లు. కంటి గుంతకు కింద ఎముక నేల లేదు. బయటి నుంచి కన్ను మీద వేలితో మెల్లగా నొక్కితే నోట్లో ఆ ఉబ్బు దిగడం కనిపిస్తుంది. కప్ప మింగేటప్పుడు కళ్లు మూసి లోపలికి లాక్కునేది ఇందుకే, కనుగుడ్లు ఆహారాన్ని గొంతు వైపు నెడతాయి. వెనక మూలల్లో రెండు పెద్ద రంధ్రాలు చెవికి వెళ్లే యూస్టేకియన్ నాళాలవి. సూదిని అందులోంచి పంపితే కర్ణభేరి లోపలి వైపు తగులుతుంది.

జీర్ణవ్యవస్థ తేలిక. జీర్ణాశయం ఎడమ వైపు, చిన్నపేగు మొదటి భాగమైన ఆంత్రమూలం దానికి సమాంతరంగా పైకి వంగి, ఆ రెంటి నడుమ లేత పసుపు క్లోమం, తర్వాత చుట్టలుగా మిగతా చిన్నపేగు అయిన శేషాంత్రికం, వెడల్పాటి పురీషనాళం, మలమూత్రాలు కలిసి బయటికి పోయే అవస్కరం. పురీషనాళం మొదలయ్యే చోట ఆంత్రయోజనిలో గుండ్రటి ఎర్రటి ప్లీహం. దాన్ని రక్తపు గడ్డ అనుకుని తీసేసినవాళ్లు చాలామంది. చెడేది పిత్తాశయం దగ్గర. కాలేయపు తమ్మెల మధ్య ఆకుపచ్చగా ఉంటుంది, గోడ చాలా పలచన. కాలేయాన్ని వేలితో పైకి తోస్తే చిట్లి, పసరు రంగు అంతటా పట్టి క్లోమం కనబడకుండా పోతుంది. తమ్మెల అంచును ఫోర్సెప్స్ మొద్దు వైపుతో పైకెత్తి సూదితో నిలపాలి. పైత్యనాళం క్లోమం గుండానే ఆంత్రమూలానికి వెళుతుంది. పిత్తాశయాన్ని లేశమాత్రం ఒత్తితే నాళం ఆకుపచ్చగా నిండి దారి తనే చూపిస్తుంది, ఈ ఒక్క ఒత్తిడి మాత్రం అనుమతించేవారు.

పేగును పక్కకు తీస్తే వెన్నెముకకు రెండు పక్కలా మూత్రపిండాలు, బల్లపరుపుగా, ముదురు ఎరుపులో. వాటి మీద పసుపు గీతగా కనిపించేది అధివృక్క గ్రంథి. మగ కప్పలో లేత పసుపు ముష్కాలు మూత్రపిండాల ముందు భాగానికి సన్నటి పొరతో వేలాడతాయి. ఆ పొరలో 10 నుంచి 12 సన్నటి శుక్రనాళికలు ముష్కం నుంచి మూత్రపిండంలోకి వెళతాయి. అవి కనబడాలంటే ముష్కాన్ని నేరుగా పట్టకుండా పక్కకు తోసి, పొర కింద నల్ల కాగితం ముక్క జొనపాలి. శుక్రకణాలు మూత్రపిండం గుండా వెళ్లి మూత్రనాళంలోనే బయటికి వస్తాయి, కాబట్టి మగకప్పలో దాన్ని మూత్రజననేంద్రియ నాళం అంటారు. పైన వేళ్లుగా చీలిన పసుపు కొవ్వు దేహాలు సంతానోత్పత్తికి ముందు నిండుగా, తర్వాత కృశించి ఉంటాయి.

ఆడ కప్ప వస్తే తలపట్టుకునేవారు. స్త్రీబీజకోశాలు నలుపు తెలుపు గుడ్లతో పొట్టంతా నిండి మిగతా అవయవాలు కప్పేస్తాయి. ఒక ఋతువులో ఆ గుడ్లు 2500 నుంచి 3000 దాకా ఉంటాయి. ఒక వైపు స్త్రీబీజకోశం తీసేసి, రెండోది ఉంచి పని చేయాలి. అంతకన్నా ఇబ్బంది పెట్టేది స్త్రీబీజవాహిక. తెల్లటి మెలికలు తిరిగిన ఆ గొట్టం గోడ నిండా గుడ్లకు పూసే జిగురు ఉంటుంది. గుడ్డు నీళ్లలో పడగానే ఆ జిగురు నీరు పీల్చి ఉబ్బడం కప్పకు అవసరం. ట్రేలో వాహిక చిట్లితే అదే జిగురు అక్కడే ఉబ్బి అంతా బంకగా మారుస్తుంది. ఆడ కప్పను నీళ్లలో ఎక్కువసేపు ఉంచొద్దు, వాహికకు గాటు పడనివ్వొద్దు అనేది దీని కోసమే. ధమనుల, సిరల పని అయితే మగ కప్పనే ఎంచుకునేవారు: మొదటి వేలి మీది మెత్త, గొంతు పక్క ధ్వని కోశాల ముడతలు చూసి గుర్తుపట్టి.

మూత్రాశయాన్ని చాలామంది చూడకుండానే చింపేవారు. పురీషనాళం ముందు రెండు తమ్మెల పారదర్శకమైన సంచి అది, ఖాళీగా ఉంటే ముడతపడ్డ పొరే. మూత్రనాళాలు దానిలోకి తెరుచుకోవు, అవస్కరంలోకి తెరుచుకుంటాయి, అక్కడి నుంచి మూత్రం ఆశయంలోకి చేరుతుంది. కప్ప నోటితో నీళ్లు తాగదు. చర్మం, ముఖ్యంగా తొడల మధ్య పొట్ట కింది చర్మం, నీరు పీలుస్తుంది. నీళ్లలో ఉన్నప్పుడు చేరే ఆ అదనపు నీటిని మూత్రపిండాలు పలుచటి మూత్రంగా ఆశయంలో నిలుపుతాయి. నేల మీదికి వచ్చి ఒళ్లు ఆరినప్పుడు హార్మోను ప్రభావంతో ఆ నీరే మళ్లీ రక్తంలోకి చేరుతుంది. పట్టుకోగానే కప్ప చేతిలో వదిలే తడి ఈ నిల్వే.

రక్తనాళాల పనిలో వరుస ముఖ్యం. సిరలు ముందు, ధమనులు తర్వాత. అప్పుడే చనిపోయిన కప్పలో సిరలు ముదురు రక్తంతో నిండి స్పష్టంగా ఉంటాయి. ఆలస్యమైతే, లేదా ఎక్కడైనా తెగితే ఖాళీ అయిపోతాయి. ధమనులు ఎలాగూ ఖాళీ అయి తెల్లగా ఉంటాయి, వాటికి తొందరలేదు. ప్రతి నాళం కింద నల్ల కాగితం, పక్కన సూదికి కాగితపు జెండా మీద పేరు. పేరు రాసిన జెండా నాళానికి తాకకుండా పక్కన దిగితే నాళం తెగదు.

నాడుల దగ్గర ఉపకరణమే మారేది. పేగులన్నీ తీసేశాక వెన్నెముక రెండు పక్కలా సున్నపు రంగు మచ్చలు కనిపిస్తాయి, అవి కాల్షియం కార్బొనేట్ నిల్వలు. ఆ మచ్చల దగ్గరే వెన్నునాడులు బయటికి వస్తాయి. వాటిలో 7, 8, 9 నాడులు కలిసి తొడలోకి దిగే లావాటి సయాటిక్ నాడి అవుతుంది. దాన్ని గాజు కొక్కెంతోనే ఎత్తాలి. రెండు వేర్వేరు లోహాలు తడి నాడినీ కండరాన్నీ ఒకేసారి తాకితే వాటి మధ్య విద్యుత్తు పుట్టి కాలు ఎగిరిపడుతుంది. గాల్వానీ 1791లో ప్రకటించిన వింత అదే, దాన్ని జంతువులోని విద్యుత్తు అని ఆయన భావించారు. లోహాల మధ్య పుట్టిందని వోల్టా వాదించారు. ఆ వాదనలోంచే బ్యాటరీ వచ్చింది. ఇదే నాడి, పిక్క కండరం జత మీద హెల్మ్‌హోల్ట్జ్ 1850లో నాడీ ప్రచోదన వేగం కొలిచారు, సెకనుకు సుమారు 27 మీటర్లు. నాడిని లాగినా, ఎండనిచ్చినా చచ్చుబడుతుంది. రింగర్ ద్రావణపు చుక్కలు వేస్తూ ఉండాలి.

ఇన్ని చేశాక కూడా, ఏ కోతా లేకుండా చూపించే ఒక ప్రయోగమే అన్నిటికన్నా గొప్పదని గట్టిగా చెప్పాలనిపిస్తుంది. కప్ప వెనక కాలి వేళ్ల మధ్య పొరను మైక్రోస్కోప్ కింద చూడటం. మాల్పీజీ 1661లో కప్ప ఊపిరితిత్తిలో కేశనాళికలను చూసి ధమని నుంచి సిరకు రక్తం ఎలా చేరుతుందో తేల్చారు. కాలి పొరలో అదే సంగతి కప్పకు హాని లేకుండా కనిపిస్తుంది. ఇప్పుడు నేర్పేవాళ్లు మిగతావన్నీ తెరకు వదిలేసినా దీన్ని మాత్రం వదలకూడదు. కప్పను తడి గుడ్డలో వదులుగా చుట్టి, ఒక కాలు బయట ఉంచి, చివర రంధ్రం చేసిన పలుచని చెక్క మీద పడుకోబెట్టాలి. వేళ్లకు మెత్తటి దారం వేసి పొర రంధ్రం మీదికి వచ్చేట్టు పరచాలి. ముందు తక్కువ పెద్దది చేసే కటకంతో చూడాలి. నల్లటి చుక్కలు, కొమ్మలు చాచిన మచ్చలు వర్ణకణాలు, వాటితో పనిలేదు. ధమనికలో ప్రవాహం గుండె దెబ్బకు ఒక్కో ఊపుగా వెళుతుంది, చీలుతూ సన్నబడుతుంది. సిరికలో ఊపు లేకుండా నిలకడగా, చేరుతూ వెడల్పవుతుంది. నడుమ కేశనాళికల్లో కణాలు ఒకదాని వెనక ఒకటి నడుస్తాయి. కప్ప ఎర్ర రక్తకణం కోడిగుడ్డు ఆకారంలో, కేంద్రకంతో, సుమారు 22 మైక్రోమీటర్ల పొడవు. మన కణం 7, 8 మైక్రోమీటర్లే. మలుపుల్లో ఆ కణం వంగి, దూరి, అవతల మళ్లీ తన ఆకారానికి రావడం స్పష్టంగా కనిపిస్తుంది. ప్రవాహం ఆగితే గుండె ఆగిందని కంగారు పడక్కర్లేదు. ముందు దారం చూడాలి, బిగుతైతే రక్తం నిలిచిపోతుంది. అది వదులుగానే ఉంటే పొర ఎండి ఉంటుంది, ఒక చుక్క నీళ్లు వేయాలి. పావుగంటకు మించి ఉంచకుండా దారం విప్పి కప్పను నీళ్ల తొట్టిలోకి వదిలేయాలి.